పాట కైకిలి (వాడ ముచ్చట్లు – 14)



రోస్టర్ పాయింట్ల గురించి ఈ వారం రాస్తానని పోయినసారి మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో మా ఇంట్లో ఒక పంచాయితీ పడింది. పెద్దమనిషిగా కూర్చోమని పిలిస్తే వెళ్లాను. లేచి వచ్చేసరికి ముద్దాయిల వరసలో నేనూ ఉన్నాను. దాని గురించి రాయకుండా ఇంకేదీ రాయబుద్ధి కావడం లేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. పాటలు పాడేవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు, కవిత్వం రాసుకుంటూ పోటీ పరీక్షలు చదివేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఇది ముందుగా మీకే.

మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు. 27 ఏళ్లు. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, పోస్టు రాలేదు. గొంతు మాత్రం ఉంది. దేవుడిచ్చిన గొంతు అంటారు గానీ అది అమ్మమ్మ ఇచ్చిన గొంతు, మాకందరికీ తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో హాస్టల్ ఖాళీ చేయిస్తే ఇంటికొచ్చాడు. ఆ వానాకాలం అమ్మమ్మ పక్కన కూర్చొని ఆమె నాటు పాట ఒకటి నేర్చుకున్నాడు. పల్లవి, బాణీ అమ్మమ్మవి. దానికి రెండు చరణాలు తను కట్టాడు. ఫోన్లో పాడి స్టేటస్ పెట్టాడు. పక్క మండలంలో జానపద ఛానల్ నడిపే పిల్లగాడు అది చూసి ఫోన్ చేశాడు. "పాట మంచిగున్నది తమ్మీ, చేద్దాం." మాట ఫోన్లోనే అయిపోయింది. కాగితం లేదు, సంతకం లేదు. రాసినందుకు 3 వేలు, పాడినందుకు 4 వేలు. రికార్డింగ్ అయిన రాత్రే 7 వేలు అకౌంట్లో పడ్డాయి.

ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయాడు. ఎందుకో నాకు తెలుసు. మా ఇంట్లో కళకు పైసలు వచ్చిన మొదటి రోజు అది. మా బాపు డప్పు కొట్టేవాడు. చావుకు కొట్టాడు, పెళ్లికి కొట్టాడు, బొడ్రాయి పండుగకు కొట్టాడు, ఊళ్లో చాటింపుకు కొట్టాడు. దానికి కూలి అనే మాటే లేదు. సీసెడు కల్లు, ఆకులో ఇంత అన్నం, పంట ఇంటికొచ్చే వేళ కళ్లం కాడ తుంగడు వడ్లు. ఆ వడ్లకు కూడా పొద్దంతా నిలబడాలి. ఇచ్చేవాడికి అది దానం, తీసుకునేవాడికి అది బాకీ వసూలు, కానీ వసూలుకు పోయినవాడే తలవంచుకొని నిలబడతాడు. బాపు ఒక రోజు డప్పును అటక మీద పెట్టి మళ్లీ దించలేదు. ఎందుకు అని అడిగితే "కొట్టుడు నాకు ఇష్టమే, పిలుసుడే ఇష్టం లేదు" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మాట్లాడలేదు.

అందుకే 7 వేలు మాకు చిన్నవి కావు.

పాట పేలింది. మొదటి నెలలోనే లక్షలు, ఏడాది తిరిగేసరికి కోటి దాటింది. బరాత్‌లలో డీజేలు మోగించారు. మా వాడలో మోగింది, పటేండ్ల ఇండ్లల్లో మోగింది. వీడియో నేనూ చూశాను. వరి గట్టు మీద లంగా ఓణీ అమ్మాయి, పైనుంచి డ్రోన్. అమ్మమ్మ పాటలో నాటేసే ఆడామె తన వాడ పేరు చెప్పుకుంటుంది. దొర గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడి ఉంటాడు, ఆమె నడుము వంచి వానలో ఉంటుంది. వీడియోలో వాడ పేరు పోయింది. దొర పోయాడు. గొడుగు మాత్రం మిగిలింది, దాన్ని బావ పట్టుకున్నాడు.

మా కాలేజీ వార్షికోత్సవంలో కూడా పిల్లలు ఈ పాటకే ఆడారు. పక్కన కూర్చున్న సీనియర్ అధ్యాపకుడు నా వైపు వంగి "ఎవరిదయ్యా పాట, బాగుంది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఎవరో "జానపదం సార్" అన్నారు. ఆయన "ఓహో జానపదమా" అని తల ఊపాడు. అంతటితో ప్రశ్న తీరిపోయింది.

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట నేనే చెబుతాను క్లాసులో. జానపద సాహిత్య లక్షణాలు: మౌఖికం, సామూహికం, అజ్ఞాత కర్తృత్వం. మూడో దాని కింద పిల్లలు గీత కొట్టుకుంటారు, పరీక్షలో వస్తుంది కాబట్టి. బిరుదురాజు రామరాజు గారి నాటి నుంచి మన విశ్వవిద్యాలయాల్లో ఈ పాటలను సేకరించడం, వర్గీకరించడం జరుగుతోంది. ఆ పని లేకపోతే చాలా పాటలు మట్టిలో కలిసేవి, అందులో నాకు అనుమానం లేదు. కానీ "కర్త తెలియదు" అనే మాటను ఇన్నేళ్లు మనం ఎంత సులువుగా రాశామో చూడండి. ఎవరికి తెలియదు? నాటు వేసే బంతిలో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఈ పాట ఎవరు ఎత్తుకుంటారో, ఏ ఊరి కోడలు దాన్ని తెచ్చిందో, ఏ చరణం ఎవరు మొగుడి మీద కోపంతో కలిపారో. తెలియనిది గట్టు మీద నిలబడ్డవాడికి, టేప్ రికార్డర్ పట్టుకున్నవాడికి.

సరే, పంచాయితీకి వస్తాను.

తమ్ముడు రెండేళ్ల కింద సొంత ఛానల్ పెట్టుకున్నాడు. యూట్యూబ్ ప్రకటనల పైసలు రావాలంటే 1,000 మంది చందాదారులు ఉండాలి, 12 నెలల్లో జనం 4,000 గంటలు చూసి ఉండాలి. రోజంతా హైదరాబాదులో బండి మీద తిండి పార్శిళ్లు మోసి, రాత్రి రూములో దుప్పటి కప్పుకొని పాడి, ఏడాదిన్నరకు ఆ గీత దాటాడు. దాటిన సంబురంలో తన పాటనే, ఆ నాటు పాటనే, అదే ట్రాకు మీద మళ్లీ పాడి పెట్టాడు. ఈసారి వాడ పేరు ఉంచాడు, దొరను కూడా ఉంచాడు. గంట గడవకముందే నోటీసు వచ్చింది. ఈ పాట హక్కులు ఫలానా ఛానల్‌వి, దీని మీద వచ్చే ఆదాయం వాళ్లకే పోతుంది అని.

కంటెంట్ ఐడీ అనే యంత్రం అది. హక్కు నాది అని ముందుగా ఎవరు ఫైలు దాఖలు చేస్తే వాళ్లదే అని నమ్ముతుంది. తర్వాత ఎక్కడ ఆ ధ్వని వినపడ్డా పట్టుకుంటుంది. ఎవరు రాశారో, ఎవరు పాడారో దానికి తెలియదు, పట్టదు. అభ్యంతరం పెట్టొచ్చు. అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు కాదంటే మళ్లీ అప్పీలు. గొడవ ముదిరితే స్ట్రైకు పడొచ్చు, 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. తమ్ముడు భయపడి పాట తీసేశాడు. తీసేసి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నా గొంతు నాది కాదంటున్నరే."

ఇక్కడ లెక్క ఒకసారి చూద్దాం. చాలామంది పిల్లలు వ్యూస్ అంటే పైసలు అనుకుంటారు. మామూలు వీడియో మీద ప్రకటన ద్వారా వచ్చే దాంట్లో 55 శాతం ఛానల్‌కు ఇస్తుంది యూట్యూబ్. షార్ట్స్‌లో అయితే 45 శాతం, అది కూడా సంగీతం ఖర్చు తీసేశాక మిగిలిన కుప్పలోంచి. 100 డాలర్లు పోగుపడితే గానీ చేతికి రాదు. మన భాషలో ప్రకటన రేటు తక్కువ. ఇదంతా ఛానల్ యజమానికి సంబంధించిన లెక్క. రాసినవాడు, పాడినవాడు, ట్రాకు కట్టినవాడు, డప్పు కొట్టినవాడు, చిందేసిన అమ్మాయి, వీళ్లెవరూ ఈ లెక్కలో లేరు. వాళ్లకు ఒక్కరోజు కూలి. పాట మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

ఒక ఆదివారం చిన్నమ్మ ఇంటి ముందు, వేపచెట్టు కింద కూర్చున్నాం. ఛానల్ పిల్లగాడు వచ్చాడు. నేను ఏదో పెద్ద కంపెనీ సేటును ఊహించుకొని చట్టం అంతా చదువుకొని పోయాను. వచ్చినవాడు మనోడే. అంటే మన కులమే, పక్క మండలం వాడ. 32 ఏళ్లు ఉంటాయి. చేతిలో లాంగ్ నోట్‌బుక్. ముందు అమ్మమ్మ కాళ్లకు మొక్కి, తర్వాత కూర్చున్నాడు.

నేను మొదలుపెట్టాను. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఫోన్లో మాట చెల్లదు. రాసిచ్చినా ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లే. 2012లో వచ్చిన సవరణ ఇంకా ముఖ్యం: పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీలో సమాన వాటాను వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. వదులుకుంటున్నాం అని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. పాడినవాళ్లకు కూడా ప్రదర్శకుల హక్కు ఉంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మిత్రులారా, ఈ పేరా దాచుకోండి. పాట రాసే ప్రతి పిల్లకూ, పిల్లగాడికీ ఇది తెలియాలి. సాహిత్య రచనగా పాటను రిజిస్టర్ చేసుకోవడానికి ఫీజు 500 రూపాయలు. మనం ఫ్లెక్సీకి అంతకన్నా ఎక్కువ పెడతాం.

వాడు అంతా విన్నాడు. నోట్‌బుక్ తెరిచాడు. "సారూ, చట్టం నాకు తెల్వది. లెక్క చెప్త" అన్నాడు. ఒక్కో పాటకు స్టూడియో, ట్రాకు 12 వేలు. కెమెరా, డ్రోన్ 15 వేలు. ఆడేటోళ్లకు, మేకప్‌కు, తిండికి, బండి కిరాయికి ఇంకో 15 వేలు. ఇప్పటికి 58 పాటలు చేశాడు. నడిచినవి 6. పెట్టుబడి నూటికి 3 రూపాయల మిత్తికి తెచ్చాడు, తెచ్చింది ఎవరి దగ్గరో చెప్పనక్కర్లేదు, ఆ గడీ మనకు తెలిసిందే. "ఈ ఒక్క పాట పైసలే మిగిలిన 52 పాటల అప్పు కడుతున్నయ్ సారూ. దొరను ఎందుకు తీసేసినవ్ అంటరు. దొరను పెడితే ఆ పొలంల షూటింగు చెయ్యనిస్తడా?"

నాకు జవాబు దొరకలేదు. తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. "అప్పు నీది, పాట నాది. నీ అప్పు నా పాట ఎందుకు కట్టాలె?" అన్నాడు. గొంతులు లేచాయి. చిన్నమ్మ మధ్యలోకి వచ్చింది. అప్పుడు ఆ పిల్లగాడు నా వైపు తిరిగి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"సారూ, మీరు గూడ అమ్మమ్మ పాటలు పుస్తకంల ఎక్కించుకున్నరు గదా. మీరెంతిచ్చిన్రు?"

వేపచెట్టు కింద కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.

నేను ఎంతిచ్చానో చెబుతాను. నా పీహెచ్‌డీ శ్రమ గీతాల మీద. 2013లో చేరాను. రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ వచ్చింది, 2014 డిసెంబర్ నుంచి నెలకు 25 వేలు. ఆ ఫెలోషిప్ మన వాళ్లు కొట్లాడి నిలబెట్టుకున్నది, నేను సిగ్గుపడను. దాంతో చెల్లె పెళ్లి చేశాం, ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేశాం. ఆ ఏళ్లలో 11 ఊళ్లు తిరిగి 43 మంది ఆడవాళ్ల దగ్గర పాటలు రికార్డు చేశాను. మొదటి పేరు అమ్మమ్మది. థీసిస్ చివర అనుబంధంలో "వక్తల పట్టిక" ఉంటుంది. పేరు, వయసు, కులం, ఊరు. వయసు దగ్గర "సుమారు" అని రాశాను అందరికీ. ఒక్కొక్కరికి చాయ్ పోయించాను. అమ్మమ్మకు ఒక చీర, 500 రూపాయలు. మిగిలిన 42 మందికి చాయే. ఫెలోషిప్‌తో పాటు ఏడాదికో కంటింజెన్సీ గ్రాంటు కూడా వచ్చేది. దానికి బిల్లులు పెట్టాలి. నా ఫైల్లో జిరాక్స్ షాపు బిల్లు ఉంది, టైపింగ్ బిల్లు ఉంది, బైండింగ్ బిల్లు ఉంది. పాడినవాళ్ల బిల్లు లేదు. అలాంటి బిల్లు ఉంటుందని నాకు తోచలేదు, నా గైడ్‌కూ తోచలేదు, ఆడిట్‌కూ తోచలేదు.

తర్వాత థీసిస్‌ను పుస్తకం వేశాను. సొంత ఖర్చు, 500 కాపీలు, 38 వేలు. తిరిగొచ్చింది 11 వేలు. తెలుగులో ఈ కథ అందరిదీ, కవి తన కవిత్వాన్ని తనే అచ్చేసి, తనే మోసుకెళ్లి, సంతకం పెట్టి ఉచితంగా ఇచ్చి, చదివారా అని నెల తర్వాత మొహమాటంగా ఫోన్ చేస్తాడు. కాబట్టి పుస్తకం మీద నేను సంపాదించలేదు అని ఆ పిల్లగాడితో అనొచ్చు. అన్నాను కూడా. వాడు "ఉద్యోగం వచ్చింది గదా సారూ" అన్నాడు. వచ్చింది. ఆ పీహెచ్‌డీ మీదే వచ్చింది. నాది నెల జీతం, తమ్ముడిది ఒక్కరోజు కూలి, అమ్మమ్మది చీర. ముగ్గురి బతుకూ ఒకే పాట మీద.

ఇక్కడ ఒక మాట. "కళను అమ్ముకుంటారా" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో మన సంఘాల వాళ్లూ ఉన్నారు. ఉద్యమ పాటకు రేటు ఏంటి అంటారు. మీటింగుకు మైకు సెట్టు వాడికి ఇస్తారు, టెంటు వాడికి ఇస్తారు, పాట పాడిన పిల్లకు బస్ చార్జీ ఇచ్చి "జై భీమ్ అక్కా" అంటారు. పదేళ్లకు ఆ పాట పాడిన మనిషి ఆసుపత్రిలో ఉంటే మనమే పోస్టు పెడతాం, సాయం చేయండి అని ఫోన్ నంబరుతో. అట్లాంటి పోస్టులు నేనే ఎన్నో పెట్టాను. సాయం అడిగే పోస్టు రాసేటప్పుడు కలం ఎంత ధారాళంగా నడుస్తుందో, కూలి ఇచ్చేటప్పుడు జేబు అంత బిగుసుకుంటుంది.

జాషువాను చూడండి. కనకాభిషేకం, గండపెండేరం, బిరుదులు, ఇవన్నీ పాఠంలో చెబుతాం. ఆయన బతకడానికి చేసిన పనులు తక్కువగా చెబుతాం. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో ఆయన సినిమా వాచకుడు. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివి జనానికి వినిపించాలి. తర్వాత బడిపంతులు. చాలా ఏళ్ల తర్వాత మద్రాసు రేడియోలో పని. అంటే ఆయన కాలానికి వచ్చిన కొత్త యంత్రాలు, మూగ సినిమా, రేడియో, రెండింటి పక్కనా ఆ గొంతు నిలబడి కూలి తీసుకుంది. దానివల్ల గబ్బిలం చిన్నదైపోయిందా? ఈ విషయం తమ్ముడికి చెబితే కళ్లు పెద్దవి చేసి "జాషువా గారు డబ్బింగు చెప్పిండా అన్నా" అన్నాడు. అవునురా, దాదాపు అదే.

మొగులయ్య గారి సంగతి మీ అందరికీ తెలుసు. 12 మెట్ల కిన్నెర. దక్కలి బిడ్డ. మాదిగలకు వాళ్ల పుట్టుక కథ చెప్పి, వాళ్లిచ్చేదాని మీద బతికే ఆశ్రిత కులం, అంటే మా ఇంటి ముందుకొచ్చి చేయి చాచిన కులం. ఈ విషయం మనం మరిచిపోకూడదు, మన కిందా ఒక మెట్టు ఉంది. భీమ్లా నాయక్ సినిమా పాట ఆయన గొంతుతో మొదలవుతుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాదు పక్కన తుర్కయాంజాల్‌లో కట్టడం పని కాడ కూలి చేస్తున్న వార్త, ఫొటో వచ్చాయి. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పారు. తర్వాత ప్రభుత్వం ఇంటి స్థలం ఇచ్చింది. మంచిదే. కానీ వరస చూడండి, ప్రకటన, ఆగిపోవడం, ఫొటో, గగ్గోలు, మళ్లీ ప్రకటన. మా బాపు కళ్లం కాడ నిలబడ్డ వరసే ఇది. గౌరవ వేతనం ఆగిపోతే అడగడానికి కోర్టు లేదు, ఎందుకంటే గౌరవం ఇచ్చేవాడి ఇష్టం. పాట మోగిన ప్రతిసారీ ఇంత అని రాసుకున్న కాగితం అయితే, ఆగినప్పుడు అడగొచ్చు. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలు వచ్చాయి. అందులో మా ఊరి వైపు వాళ్లూ ఉన్నారు, నెల తిరిగితే జీతం, పిల్లల ఫీజులు కట్టుకుంటున్నారు. పథకాల మీద పాటలు పాడుతున్నారని వాళ్లను ఎక్కిరించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్ల ఇంట్లో అన్నం వండుకున్నాక ఎక్కిరించండి.

అయితే చట్టం దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. నేను అంత గట్టిగా చదివిన చట్టం తమ్ముడి రెండు చరణాలను గుర్తిస్తుంది, వాడి గొంతును గుర్తిస్తుంది. అమ్మమ్మ పల్లవిని గుర్తించదు. అది తరతరాల నుంచి వచ్చింది కాబట్టి ఎవరిదీ కాదు, ఎవరైనా తీసుకోవచ్చు. అజ్ఞాత కర్తృత్వం. నా క్లాసు నోట్సూ చట్టమూ ఒకే మాట మాట్లాడుతున్నాయి. చట్టం ప్రకారం పోతే తమ్ముడు గెలుస్తాడు, అమ్మమ్మకు సున్నా.

అప్పటిదాకా అమ్మమ్మ మంచం మీద కూర్చొని ఆకు వక్క నములుతూ ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనే అడిగాను, నీకేమనిపిస్తుంది అని.

"ఏమనిపిస్తది. నాటుకు పోతే పాట ఎత్తుకునేదాన్ని నేనే. నేను ఎత్తుకుంటే మడి జెల్దిన తెగుతది. దొరకు తెల్సు ఆ సంగతి. అందరికి మూడు మానికెలైతే నాకు ఇంకో మానెడు ఎక్కువ కొలిసేటోడు. ఊకెనే ఇచ్చిండా? పాట కైకిలి అది. దొరనే ఇచ్చిండు, మీకేమైంది?"

పాట కైకిలి. పదేళ్లు శ్రమ గీతాల మీద పనిచేశాను, ఆ మాట నేను వినలేదు. పాట వల్ల శ్రమ మరిచిపోతారు, అలసట తెలియదు అని 3 వందల పేజీలు రాశాను. పాట వల్ల పని తొందరగా తెగితే లాభం ఎవరికి, దానికి కొలత ఏమిటి అని ఒక్క ప్రశ్న అడగలేదు. రికార్డర్ ఆన్ చేసి "పాట పాడు అమ్మమ్మా" అనేవాణ్ణి. పాట అయిపోగానే ఆఫ్ చేసేవాణ్ణి.

"మరి పాట నీదేనా?" అన్నాడు ఛానల్ పిల్లగాడు, కొంచెం నవ్వుతూ.

"నాదెట్లైతది. మా అత్తది. మా అత్త సచ్చింది. నేనున్న, నాకియ్యి."

అందరం నవ్వాం. అమ్మమ్మ నవ్వలేదు. ఇంకో మాట కూడా అంది. "ఇప్పుడు మడిల పాటేడిది బిడ్డా. బిహారోళ్లు అచ్చి నాటేత్తున్నరు, వాళ్ల భాష నాకు రాదు. పాట ఫోన్లనే ఉన్నది. ఉన్నకాడ కైకిలి అడుగుత." నిజమే. మా ఊళ్లో నాట్లు ఇప్పుడు బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన ముఠాలే వేస్తున్నాయి. నాటు పాట మడి వదిలి ఆరేడేళ్లయింది.

ఆ సాయంత్రం 100 రూపాయల స్టాంపు కాగితం మీద నేనే రాశాను. పాట మీద వచ్చే పైసల్లో సగం ఛానల్‌కు, పెట్టుబడి కింద. మిగిలిన సగం తమ్ముడికి, అమ్మమ్మకు సమానంగా. తమ్ముడి ఛానల్ మీద పెట్టిన పాటను వాళ్లు వదిలేయాలి. పాట కింద పేర్లు రాయాలి. ఏమని రాయాలో దగ్గర చాలాసేపు ఆగాం. "సేకరణ" అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు, "నేనేం ఏరుకచ్చిన్నా?" అంది. "మూలం" అంటే తమ్ముడు మొహం చిట్లించాడు. చివరికి "పాట ఎత్తుకున్నది" అని రాసి పక్కన ఆమె పేరు పెట్టాం. తమ్ముడికి ఈ పంపకం అంత ఇష్టం లేదు, సగం ఎందుకివ్వాలి అని ఇప్పటికీ సణుగుతున్నాడు. వాడి కోపంలో న్యాయం ఉంది. పాత నాలుగేళ్ల పైసల సంగతి తేలలేదు. ఛానల్ పిల్లగాడు సంతకం పెట్టి, వెళ్తూ వెళ్తూ, ఇప్పుడు ఏఐ ట్రాకులు వచ్చాయి సారూ, స్టూడియో ఖర్చు తగ్గుతది, గొంతు కూడా అదే పాడుతది అన్నాడు. తమ్ముడు విననట్టు లోపలికి పోయాడు.

మొన్న మొదటి వాటా వచ్చింది. అమ్మమ్మ భాగం 1,140 రూపాయలు. ఫోన్లో చూపిస్తే నమ్మలేదు, నోట్లు తెమ్మంది. తెచ్చి ఇస్తే లెక్కపెట్టి, కొంగుకు ముడేసుకొని, నన్ను చూసింది.

"నీ పుస్తకం కైకిలి ఎప్పుడు?"

నా జీతం రోజు ఆమెకు కొంత ఇచ్చాను. అది ఎంత అనేది ఇక్కడ రాయను, రాస్తే దానం లెక్కలోకి పోతుంది. కానీ పట్టికలో ఇంకా 42 పేర్లున్నాయి. వాకబు చేస్తే 17 మంది లేరు. పోయిన ఆదివారం బతికున్నవాళ్లలో మొదటి పేరు వెతుక్కుంటూ పోయాను. నేను రికార్డు చేసినప్పుడు ఆమె వయసు "సుమారు 50". ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తోంది. గుర్తుపట్టింది. "పాటలు పట్టుకపోయినాయన గదా" అంది. కూర్చోమంది. పుస్తకం చేతిలో పెట్టాను, ఆమె పేరున్న పేజీ చూపించాను. చదవడం రాదు, అక్షరాల మీద వేలు పెట్టి ఇదేనా అంది. తర్వాత పుస్తకం పక్కన పెట్టి మళ్లీ చాట అందుకుంది.

"వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కున్నది కొడుకా. పాటకు లెక్కేంది? జెప్పు, పాడుత."

నా దగ్గర లెక్క లేదు. కత్తెర తీసుకొని ఆమె పక్కన కూర్చొని, చీకటిపడేదాకా తునికాకు కత్తిరించాను. సగం ముక్కలు పనికిరావని పక్కన పారేసింది.

రోస్టర్ ముచ్చట వచ్చే వారం. జై భీమ్.